మిరియం నడవాల్సిన నూరు అడుగులు

బొంగరానికి ఇంకా 100 రోజులు

పది కిలోలు! సాధించాను!

ఇది గాలి మిషన్ల డ్యూటీ పుస్తకం. ఇందులో వడపోతల సంగతి తప్ప ఇంకేమీ రాయకూడదని నాకు తెలుసు. అందుకే ముందు అదే రాస్తున్నాను. నాలుగు, ఐదు, ఆరో నంబరు వడపోతలు దులిపాను. తట్టెడు ఎర్రదుమ్ము వచ్చింది. గాలి బాగుంది. డ్యూటీ అయిపోయింది, ఇక అసలు సంగతి.

ఈ పొద్దున మా మిరియాన్ని స్ప్రింగు కాటా కొక్కేనికి తగిలిస్తే ముల్లు సరిగ్గా పది మీద నిలబడింది. నాకు మీసం లేదు గానీ ఉంటే మెలేసేదాన్ని. మిరియం అంటే మా కుక్క. నల్లగా, గుండ్రంగా ఉంటుంది. అంగారకుడి మీద ఈ సొరంగం మొత్తానికి ఉన్నది ఇదొక్కటే. భూమి నుంచి దీన్ని పిండంగా పంపినప్పుడు వెంట ఒక కార్డు వచ్చింది. "పెద్దయ్యాక పన్నెండు కిలోలు ఉండాలి" అని దాని మీద అచ్చేసి ఉంది. మూడేళ్ళ కిందట ఇది నాలుగున్నర కిలోల దగ్గర ఆగిపోయింది. సారక్క ఇంట్లో కుక్కకు తిండి పెట్టరని నలుగురూ అనుకోరా? పట్టుబట్టాను. రొట్టె, చేప, పల్లీ ముద్ద, ఏది తింటానంటే అది పెట్టాను. ఇంకా రెండు కిలోలు తక్కువుంది, అంతే. నేను ఇరవై తొమ్మిది కిలోలు, మా ఆయన ఓదెలు ఇరవై నాలుగు. మా ఇంట్లో ఉండాల్సినంత బరువు లేనిది ఈ కుక్క ఒక్కటే.

నిన్న దిగిన నౌకలో కొత్త డాక్టరమ్మ వచ్చింది. పేరు నిలోఫర్, పుట్టింది భూమ్మీద నిజామాబాదులోనట. మనుషులకూ జంతువులకూ ఆవిడే. రేపు మిరియాన్ని తీసుకెళ్ళి చూపించి మెప్పు కొట్టేస్తాను. అసలే అందరం పండగ హడావిడిలో ఉన్నాం. బొంగరం పూర్తయింది! ఊరంత గిన్నె అది. గిర్రున తిరుగుతుంటే లోపల ఉన్నవాళ్ళకు భూమ్మీది బరువు వస్తుందట. పిల్లల ఎముకలు గట్టిపడాలంటే అదొక్కటే దారి. నూరో రోజున అందరం అక్కడికి మారిపోతాం. ఆ సాయంత్రమే ఇక్కడి గాలి మిషన్లు ఆపేది నేనే.

99 రోజులు

ఏం రాయాలో తోచడం లేదు. వడపోతలు దులపలేదు కూడా.

మిరియాన్ని డాక్టరమ్మ ముందు దించి, కార్డు తీసి పక్కన పెట్టాను. ఆవిడ కార్డు వైపు చూడలేదు. రెండు చేతులూ కుక్క పక్కల్లోకి పోనిచ్చి వేళ్ళతో వెతికింది.

"అక్కా, పక్కటెముకలు చేతికి దొరుకుతలెవ్వు. ఇదేం తింటది?"

"ఏం తింటది డాక్టరమ్మా, మస్తు సతాయిస్తది. పొద్దున రెండు రొట్టెలు, పగటికి ఓ చేప, నడుమ నడుమ ఏదో ఇంత. గిట్ల తింటే పన్నెండు కిలోలు ఎప్పుడైతదో!"

 ఆవిడ లీటరు సీసా నిండా నీళ్ళు పట్టి నా చేతికిచ్చింది. "ఇదెంత తూగాలె?"

"కిలో. చిన్న పిల్లలకు గూడ తెలుసు."

"కాటాకు తగిలియ్యి."

తగిలించాను. ముల్లు నాలుగు వందల గ్రాముల దాకా కూడా పోలేదు. కాటా పాడైందేమోనని తట్టాను. మళ్ళీ తగిలించాను. అంతే చూపించింది.

"కాటా మంచిగనే ఉంది. అది భూమ్మీద చేసిన కాటా, అంకెలు అక్కడివి. అంగారకుడు మనల్ని గుంజేది అండ్ల మూడో వంతుకు జరంత ఎక్కువ, గంతే. ఇది పది చూపిస్తే నీ కుక్క అసలు ఇరవై ఆరు కిలోలున్నట్టు."

గాలి మిషను ముక్కలు ముక్కలుగా విప్పి కళ్ళు మూసుకుని బిగించగల మనిషిని నేను. పప్పులో కాలేశాను, అదీ మూడేళ్ళుగా! పుట్టగొడుగులైనా, చేపలైనా, పురిటి బిడ్డలైనా మా సొరంగంలో తూచేది ఆ కాటాతోనే. అందరికీ అదే కాటా కాబట్టి ఎవరికీ తేడా రాలేదు. దీన్ని పోల్చి చూసుకోవడానికి మరో కుక్క కూడా లేదు. నాలుగున్నర దగ్గర ఆగినప్పుడే మిరియం కార్డు ప్రకారం సరిగ్గా పన్నెండు కిలోలుంది. దాన్ని రెట్టింపు చేసింది నేను.

"ఇక్కడ తేలికగ ఉంటది కాబట్టి ఎగురుకుంట తిరుగుతుంది. బొంగరంల పూర్తి బరువు మీద పడుతది. ఈ ఒంటితోని అడుగు పెడితే గుండె ఆగుతది అక్కా." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఎత్తుకపోయి లోపట పండవెడుతమంటే కుదరదు. లోపటి తలుపు నుంచి పడక గది దాకా నూరు అడుగులు. అవి తనంతట తను నడిచిన కుక్కనే అక్కడ బతుకుతది."

"నడవకుంటే?"

"ఇక్కడ గాలి ఉండదు. అక్కడ గుండె ఆగదు అని చెప్పలేను. మళ్ళ లేవని నిద్ర సూది ఒక్కటే మిగులుతది."

ఇంటికి తెచ్చాను. నా ఒళ్ళో పడుకుని చెయ్యి నాకింది. వెక్కి వెక్కి ఏడ్చాను. మిరియం ఇంకో చెయ్యి కూడా నాకింది.

97 రోజులు

ఏడుపు అయిపోయింది. ఒంట్లో మళ్ళీ రక్తం పరుగెడుతోంది.

ఒక్కసారిగా కడుపు మాడిస్తే కాలేయం దెబ్బ తింటుందట. నిదానంగా దించాలి. బొంగరం నాటికి ఇరవై ఒకటి, అంటే మన దిక్కుమాలిన కాటా మీద ఎనిమిది. తిండి ఒక గిన్నెతో కొలిచి రెండు పూటలే. సొరంగం ఈ చివర నుంచి ఆ చివరకు నడక. మిరియానికి పాత సూటు గుడ్డతో చొక్కా కుట్టాను. దాని జేబుల్లో కడిగిన ఇసుక రెండు పిడికిళ్ళు పోశాను. రోజులు గడిచేకొద్దీ ఇసుక పెంచుతాం, కాళ్ళు గట్టిపడతాయి. చొక్కా తొడిగితే పెళ్ళికొడుకులా నిలబడింది. సొరంగమంతా వచ్చి చూసింది.

88 రోజులు

పదింబావు.

తగ్గడం కాదు, పెరిగింది! తొమ్మిది రోజులుగా నేను గిన్నె అంచు దాటకుండా కొలిచి పెడుతుంటే పెరిగింది. ఈ పొద్దున మూడో నంబరు మిషను ఓదెలుకు అప్పగించి మిరియం వెనకే నడిచాను. అది నేరుగా బయటి తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చుంది. షిఫ్టుకు వెళ్ళేవాళ్ళు సూట్లు తొడుక్కుంటున్నారు. ఒక్కొక్కరే వంగి దాని నోట్లో ముద్ద పెట్టి, తల నిమిరి, తలుపు దాటుతున్నారు.

కుక్క ముద్ద సంగతి నాకు తెలియదా? తెలుసు. మా తాతలు భూమ్మీద బొగ్గు బాయిల్లో పనిచేసినవాళ్ళు. బాయి దిగే ముందు కుక్కకు ముద్ద పెడితే క్షేమంగా పైకొస్తామని వాళ్ళ నమ్మకం. ఇక్కడ నలభై ఏళ్ళు కుక్కే లేకపోయినా ముద్ద మాత్రం తలుపు దగ్గర పెట్టి పోయేవాళ్ళు. మిరియం వచ్చిన రోజు ముసలివాళ్ళు ఆనందంతో కళ్ళు తుడుచుకున్నారు. ఒక్కో ముద్ద ఉసిరికాయంతే కదా అనుకున్నాను. రెండు షిఫ్టులవీ ముప్ఫై నాలుగు ఉసిరికాయలు కలిస్తే ఎంతవుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. దానికి తోడు షిఫ్టులో అందరికంటే పెద్దవాడు పోశం మామ పెట్టేది ఉసిరికాయంత కాదు. అరచేతి వెడల్పు సర్వపిండి రొట్టె ముక్క, నూనె ఓడుతూ.

87 రోజులు

వంటశాలలో అందరినీ కూర్చోబెట్టి దులిపేశాను. వడపోతలను దులిపినట్టే.

"దాన్ని సంపుతున్నరు మీరందరు! ముద్ద బందు!"

 పోశం మామ లేచాడు. డెబ్బై దాటినా ఇంకా బయట పైపులు చూసేది ఆయనే.

"ఇగో సారక్కా, నువ్వు లోపట ఉండి గాలి ఇస్తవ్. మేం బయటికి పోతం. నలభై ఐదేండ్ల సంది ముద్ద పెట్టకుంట నేను ఆ తలుపు దాటలె. ఒక్క దినం పెట్టకుంటే నా కాళ్ళు ఆడయ్ బిడ్డా. భయమైతది."

  అప్పుడు మా ఓదెలు, పూటకు నాలుగు మాటలు మించి మాట్లాడని ఓదెలు, నోరు విప్పాడు.

"ముద్ద ఎందుకు పెడుతరు మామా? కుక్క మనల్ని సాగనంపాలెనని. మరి సాగనంపుడే పెట్టుకుందాం. ఒక్కొక్కరు దాన్ని ఈ మూల నుంచి ఆ తలుపు దాక తోలుకపోండ్రి. అది నడిచి మిమ్మల్ని తలుపు దాటిస్తది."

 "ముద్దకు బదులు నడక. ఊ. ఇది ఇంక గట్టి మొక్కుబడే అయితది" అన్నాడు పోశం మామ. వంటశాల ఈలలతో మోగిపోయింది. నా మొగుణ్ణి అందరి ముందూ ముద్దు పెట్టుకున్నాను, ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

70 రోజులు

తొమ్మిదిన్నర! తొమ్మిదిన్నర! తొమ్మిదిన్నర!

పొద్దున షిఫ్టులో పదిహేను మంది, సాయంత్రం షిఫ్టులో పంతొమ్మిది మంది. ఒకరి తర్వాత ఒకరు వంతు వేసుకుని నడిపిస్తున్నారు. చొక్కాలో ఇసుక ఎనిమిది పిడికిళ్ళయింది. ఈ రోజు అది ఎవరూ పిలవకుండానే తలుపు దాకా పరుగెత్తి, వెనక్కి వచ్చి, "ఇంతేనా?" అన్నట్టు నా మొహం చూసింది. ఇంతకాలం నేను దాన్ని బద్ధకం కుక్క అనుకున్నాను. దానికి ఒళ్ళు సహకరించలేదు, అంతే.

డాక్టరమ్మ నన్ను కూడా రమ్మంటోంది. బొంగరం బరువుకు మనుషులు అలవాటు పడాలని చిన్న తిరుగుడు గది ఒకటి పెట్టారు, రోజూ అరగంట నిలబడాలట. మిరియానికి మాత్రం ఒళ్ళు దిగేదాకా అందులోకి ప్రవేశం లేదు. నాకు తీరికెక్కడ? పైగా మనుషులకు మొదటి నెల చక్రాల కుర్చీలిస్తారు. కుర్చీ ఉండగా కాళ్ళకు తొందరేం వచ్చింది?

52 రోజులు

తొమ్మిది దగ్గర ఆగింది. రెండు వారాలుగా ముల్లు కదలడం లేదు.

ఎవరో పెడుతున్నారు. ముందు పోశం మామను అనుమానించాను. ఆయన తన జేబులు తిరగేసి చూపించాడు, వాటిలో దువ్వెన తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత ఓదెలు మీద పడ్డాను. అన్నీ మూటగట్టి అడిగాను. మెత్తటి మనసని, కుక్క కళ్ళు చూసి కరిగిపోతావని, నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేశావని. ఆయన అంతా విన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని గాలి మిషను పక్కన నా స్టూలు దగ్గరికి తీసుకెళ్ళి, కింద నేల చూపించాడు. పల్లీ పొట్టు. రొట్టె రజను.

నేనే!

దొంగతనంగా పెట్టానా అంటే, ఒట్టు, కాదు. పని చేస్తూ ఏదో నములుతుంటాను. అది వచ్చి మోకాలి మీద గడ్డం ఆనిస్తుంది. నా చెయ్యి దానంతట అది కిందికి పోతుంది. చిన్న ముక్కే. రోజుకు ఎన్ని చిన్న ముక్కలో ఆ దేవుడికే తెలియాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఓదెలు పట్టాడు. ముప్ఫై నాలుగు మంది తరతరాల నమ్మకాన్ని నా మాట మీద మార్చుకున్నారు. నేను నా చెయ్యిని ఆపుకోలేకపోయాను. తలకొట్టేసినట్టయింది.

ఈ రోజు నుంచి స్టూలు దగ్గర తినను. అది గడ్డం ఆనిస్తే లేచి ఒక చుట్టు నడుస్తాం. డ్యూటీ పుస్తకంలోనే రాస్తున్నాను, పై అధికారులు చదివినా సరే.

20 రోజులు

ఎనిమిదిన్నర కంటే కొద్దిగా తక్కువ. మూడో నంబరు వడపోత మార్చాను.

గడ్డం ఆనించడం, నడవడం, మళ్ళీ గడ్డం ఆనించడం. రోజుకు పాతిక చుట్లు తిరుగుతున్నాం. నేను కూడా కాటా ఎక్కాను, ఇరవై ఆరున్నర! అసలు లెక్కలో డెబ్బై కిలోలు. ఇదివరకు డెబ్బై ఆరు ఉండేదాన్నని తెలిసి కాటాతో మాట్లాడటం మానేశాను. డాక్టరమ్మ మిరియం పక్కల్లో వేళ్ళు పెట్టి, "ఒకటి దొరికింది" అంది. ఆ ఒక్క పక్కటెముక కోసం సొరంగంలో మిఠాయి పంచుదామనుకున్నాను. ఆనక నాలుక కరుచుకున్నాను.

3 రోజులు

ఎనిమిది! ఎనిమిది! చూడండి, ఎనిమిది!

ముల్లు ఎనిమిది మీద ఆగగానే పోశం మామ ఈల వేశాడు. పైపుల వాళ్ళు సూట్ల మీద దరువేశారు. ఓదెలు నా భుజం మీద చెయ్యి వేసి నాలుగు మాటల కోటాలో రెండు ఖర్చు పెట్టాడు: "చేసినవ్ సారా."

డాక్టరమ్మ మాత్రం నవ్వుతూనే వేలు ఎత్తింది. "కాటా ఒప్పుకుంది. ఇంక గుండె ఒప్పుకోవాలె."

బొంగరం, మొదటి రోజు

సొరంగం మిషన్లు ఒక్కొక్కటే ఆపాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా నేను వింటున్న చప్పుడు ఆగిపోతే చెవులు గుయ్యిమన్నాయి. ఏడవడానికి కూడా తీరిక లేదు, మా వంతు వచ్చేసింది.

బొంగరంతో పాటు తిరిగే పెట్టెలో కూర్చోబెట్టి ఎక్కించారు.  ఒంటి మీద ఎవరో కూర్చున్నట్టు, వాళ్ళ మీద ఇంకొకరు కూర్చున్నట్టు బరువు. చెంపలు కిందికి జారాయి. చెయ్యి ఎత్తబోతే నా చెయ్యి కాదనిపించింది. నన్ను చక్రాల కుర్చీలో వేశారు. మిరియం నాలుగు కాళ్ళూ ఎడంగా పెట్టి వణుకుతూ నిలబడి ఉంది. దానికి కుర్చీ లేదు.

తలుపు తెరుచుకుంది. పొడుగు వసారా, ఆ చివర పడక గది గుమ్మం. ముందు దిగినవాళ్ళంతా రెండు వైపులా కుర్చీల్లో కూర్చుని మా కోసం చూస్తున్నారు. డాక్టరమ్మ మిరియం ఛాతీకి గుండె మిషను కట్టి లెక్క మొదలుపెట్టింది. ఓదెలు నా కుర్చీ తోస్తున్నాడు. తిరుగుడు గదికి రోజూ పోయిన బుద్ధిమంతుడు ఆయన.

"ఒకటి. రెండు. మూడు."

నడిచింది! నా మిరియం నడిచింది! పది, ఇరవై, ముప్ఫై. నాలుక బయటపెట్టి, కాలు తీసి కాలు వేస్తూ, నా కుర్చీ పక్కనే. నలభై దగ్గర జనం గొంతు కలిపి లెక్కపెట్టడం మొదలెట్టారు. యాభై ఐదు దగ్గర దాని వెనక కాళ్ళు వంగాయి. అరవై ఒకటి దగ్గర పొట్ట నేలకు ఆనించి పడుకుండిపోయింది.

"మిరియం! లే తల్లీ, లే!"

లేవలేదు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది.

"గుండె మంచిగనే కొట్టుకుంటుంది," డాక్టరమ్మ తొందరగా అంది. "సత్తువ ఉంది. మనసు లేదు. లేపు అక్కా, ఎట్లనన్న లేపు."

పక్క కుర్చీలోంచి పోశం మామ చెయ్యి చాపాడు. వేళ్ళ మధ్య సర్వపిండి ముక్క. "ఇది సూపియ్ బిడ్డా! ఉరికొస్తది! ఒక్కసారే గదా!"

అబద్ధమెందుకు, నా చెయ్యి దాని వైపు పోయింది. మూడేళ్ళుగా అది లేవకపోయినా, అలిగినా, దిగులుపడినా నాకు తెలిసిన మందు అదొక్కటే. ముక్క చూపిస్తే లేచేది, అనుమానం లేదు. రేపు కూడా ముక్క చూపించాలి, ఎల్లుండి కూడా. ఎన్ని ఎల్లుండిలకు దాని గుండె ఒప్పుకుంటుంది?

"లోపట పెట్టు మామా," అన్నాను. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని లేచాను.

మోకాళ్ళు కరకరలాడాయి. పగలే చుక్కలు కనిపించాయి. "సారా, పడుతవ్!" అన్నాడు ఓదెలు. పడ్డాను కూడా, మిరియం పక్కనే, రెండు మోకాళ్ళ మీద. అది తల ఎత్తి నా చెంప వాసన చూసింది. దాని వీపు మీద చెయ్యి ఆనించి, గోడ పట్టుకుని, మళ్ళీ నిలబడ్డాను. సొరంగంలో రోజూ చేసిన పనే కదా. గడ్డం ఆనిస్తే లేచి నడవడం. ఈసారి ఆనించింది నేను, అంతే.

"దా మిరియం. ఒక్క చుట్టు తిరుగుదాం."

ఒక అడుగు వేశాను. అది లేచింది!

"అరవై రెండు!" డాక్టరమ్మ అరిచింది. వసారా అంతా అరిచింది.

 డెబ్బై ఎనిమిది దగ్గర మళ్ళీ కూలబడ్డాను. మిరియం ముందుకు వెళ్ళిపోతుందనుకున్నాను. ఆగింది, వెనక్కి రెండు అడుగులు వేసి నా మొహంలో మొహం పెట్టింది. "వెనక్కి వేసినవి లెక్కకు రావు!" అంటూ డాక్టరమ్మ నవ్వుతోంది, ఏడుస్తోంది. "ముందటికి పోనియ్యి అక్కా!"

లేచాను. ఎలా లేచానో అడగొద్దు. తొంభై. తొంభై ఐదు. గుమ్మం కనిపిస్తోంది. నేను ఆగి గోడకు ఆనుకున్నాను, ఊపిరి అందడం లేదు. మిరియం నా వైపు ఒకసారి చూసింది, గుమ్మం వైపు చూసింది, తోక ఊపింది. ఇక నా కోసం ఆగలేదు. నా కుక్క నన్ను దాటేసి, చెవులు ఎగరేసుకుంటూ, ఆ నాలుగైదు అడుగులు దాదాపు పరుగే తీసి లోపలికి పోయింది.

వెనక నేను పాక్కుంటూ చేరాను. పందెంలో ఓడిపోయి ఇంత సంబరపడిన మనిషి ఇంకొకరు ఉండరు.